పోయిన ల్యాప్‌టాప్‌కు దూరం నుంచి తాళం

ల్యాప్‌టాప్ పోయిందని ఖాయం చేసుకున్నాక చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీయడం. ఖాతాలోకి వెళ్లి, జాబితాలో తమ యంత్రం పేరు వెతికి ‘లాక్’ మీట నొక్కుతారు. ఆదేశం వెళ్లిందని తెర మీద కనబడగానే కాస్త ఊపిరి ఆడుతుంది. ఇక దొంగ దాన్ని వాడుకోలేడు, అమ్ముకోలేడు, నా ఫైళ్లు చూడలేడు అన్న ధైర్యం వస్తుంది. నిజానికి ఈ మూడూ వేర్వేరు సంగతులు. ఆ ఒక్క మీట మూడింటినీ ఆపే ల్యాప్‌టాప్‌లు తక్కువ. మన దగ్గర ఎక్కువమంది వాడే విండోస్ యంత్రాల్లో అయితే అది మొదటిదాన్ని కూడా గట్టిగా ఆపలేదు. ఇక మూడోది, అంటే మన ఫైళ్ల భద్రత, దొంగ చేయి పడకముందే తేలిపోయిన విషయం.

హైదరాబాద్‌లో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో, మాదాపూర్, గచ్చిబౌలి పీజీల్లో ఒక్కో గదికి ముగ్గురు నలుగురు ఉంటారు. ఎవరో ఒకరు నైట్ షిఫ్టు నుంచి వస్తారని తలుపు గడియ పెట్టరు. తెల్లవారుజామున ఆ గదుల్లోంచి ఛార్జర్‌తో సహా ల్యాప్‌టాప్‌లు మాయం కావడం, దొంగ దొరికిన రోజున పోలీసులు వాటిని బల్ల మీద వరసగా పేర్చి చూపించడం మన పత్రికలు చదివేవారికి కొత్త కాదు. పోయినది తరచూ ఇంట్లోవాళ్లు నెలవారీ వాయిదాల మీద కొనిచ్చిన యంత్రం. అందులో కోర్సు నోట్సు, ప్రాజెక్టు, ఆధార్, పాన్, మార్కుల జాబితాల స్కాన్ కాపీలు, వీసా కోసం సర్దిపెట్టుకున్న బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి. అందుకే తాళం గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. లేని ధైర్యం ఇచ్చే తాళం వల్ల, చేయాల్సిన పనులు చేయకుండా ఉండిపోతాం.

ఆదేశం చేరేదెప్పుడు?

మీట నొక్కగానే ఆదేశం నేరుగా ల్యాప్‌టాప్‌కు చేరదు. ఆ కంపెనీ సర్వర్‌లో కూర్చుని ఎదురుచూస్తుంది. ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడే దాన్ని అందుకుంటుంది. ఫోన్‌లో సిమ్ ఉంటుంది కాబట్టి దొంగ ఆఫ్ చేసేదాకా అది నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌కు వైఫైయే దిక్కు. మూత మూసి బ్యాగులో పెట్టుకున్న క్షణం నుంచి దానికి బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు. దాన్ని నెట్‌కు కలపాల్సిన అవసరం దొంగకూ లేదు. విండోస్ నింపిన పెన్‌డ్రైవ్ గుచ్చి, దాన్నుంచి బూట్ చేసి, డిస్కును ఫార్మాట్ కొట్టి, కొత్తగా ఓఎస్ ఎక్కించడం రిపేరు తెలిసినవాళ్లకు గంటలోపు పని. అది పూర్తయ్యాక మన ఆదేశం అందుకోవాల్సిన పాత విండోస్ అంటూ ఏదీ మిగలదు.

విండోస్‌లో ‘ఫైండ్ మై డివైస్’ సదుపాయం 2015 నవంబరులో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. అది పనిచేయాలంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, ఆ సదుపాయాన్ని ముందే ఎంచుకుని ఉండాలి. ఇవన్నీ ఉండి, యంత్రం నెట్‌లోకి కూడా వస్తే, లాక్ ఆదేశం లోపల ఉన్నవారిని బయటకు పంపి పాస్‌వర్డ్ తెర దగ్గర నిలబెడుతుంది. ఫలానావారిది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని మన మాట కూడా చూపుతుంది. క్యాబ్‌లో మరిచిపోయిన ల్యాప్‌టాప్ మంచి డ్రైవర్‌కు దొరికితే ఇది అక్కరకొస్తుంది. దొంగ విషయంలో మాత్రం ఇది గదికి వేసిన తాళం. ఇల్లు మొత్తం పడగొట్టి కొత్తగా కట్టుకునేవాడికి గది తాళంతో పనేముంది?

సొంతంగా వేసుకునే ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్లకూ ఇదే పరిమితి. డిస్కులో ఉన్నదేదైనా డిస్కుతో పాటే పోతుంది. బయోస్ పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకుండా చేస్తే దొంగకు పని పెరుగుతుంది. రిమోట్ లాక్ కంటే దాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. కాకపోతే పాత మోడళ్లలో దాన్ని తీసేసే దారులు రిపేరు చేసేవాళ్లకు తెలుసు.

చిప్పులో దాచిన తాళం

తాళం డిస్కులో కాకుండా మదర్‌బోర్డులోనే ఉండాలన్న ఆలోచన పాతదే. ఇంటెల్ ‘యాంటీ థెఫ్ట్’ పేరుతో దాన్ని తన చిప్పుల్లో పెట్టింది. దొంగతనం జరిగిందని చెబితే ఇంటర్నెట్ ద్వారానో, 3జీ మోడెమ్ ఉంటే ఎస్సెమ్మెస్ ద్వారానో ఆదేశం వెళ్లి యంత్రం బూట్ కాకుండా ఆగిపోయేది. డిస్కు మార్చినా ఫలితం ఉండేది కాదు. దాంట్లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు మరొకటి ఉంది. నిర్ణీత వ్యవధిలో సర్వర్‌ను పలకరించకపోతే యంత్రం తనంతట తానే తాళం వేసుకునేలా పెట్టుకోవచ్చు. ఆదేశం చేరడం లేదన్న అసలు చిక్కుకు అది సరైన జవాబు. అయినా ఇంటెల్ ఆ సేవను 2015 జనవరిలో ఆపేసింది. మామూలు కొనుగోలుదారుకు అంత పట్టున్న ఏర్పాటు విండోస్ ప్రపంచంలో తర్వాత రాలేదు.

కంపెనీలకు మాత్రం వేరే దారులున్నాయి. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన అబ్సల్యూట్ సంస్థ మాడ్యూల్ డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి తయారీదారుల యంత్రాల ఫర్మ్‌వేర్‌లోనే నిద్రాణంగా ఉంటుంది. డబ్బు కట్టి దాన్ని మేల్కొలిపితే, డిస్కు తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించినా ఆ సాఫ్ట్‌వేర్ తనను తానే తిరిగి ఎక్కించుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ‘ఆటోపైలట్’లో నమోదైన ఆఫీసు ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేసి నెట్‌కు కలిపితే, ఫలానా కంపెనీ ఉద్యోగిగా లాగిన్ అవ్వమని అడుగుతుంది. విండోస్ వదిలేసి లినక్స్ ఎక్కించుకునేవాడి ముందు ఇవి చాలావరకు పారవు.

ఇలాంటి నిఘా ఎంతదాకా పోతుందో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 2008లో జరిగిన సంఘటన చూపింది. ఒక పాఠశాల విభాగానికి చెందిన ల్యాప్‌టాప్ దొంగల పాలై, చివరికి ఒక తాత్కాలిక ఉపాధ్యాయురాలి చేతికి వచ్చింది. ఆమె దాన్ని ఒక విద్యార్థి దగ్గర 60 డాలర్లకు కొన్నారు. ఆచూకీ తీస్తున్న అబ్సల్యూట్ ఉద్యోగి యంత్రం ఎక్కడుందో తెలుసుకోవడంతో ఆగలేదు. ఆమె ఆంతరంగిక సంభాషణలనూ చిత్రాలనూ పట్టుకుని పోలీసులకిచ్చాడు. ఆమె మీద పెట్టిన కేసు నిలవలేదు. ఆమె వేసిన దావాను మాత్రం విచారణ దాకా వెళ్లనివ్వాలని ఫెడరల్ న్యాయమూర్తి 2011లో నిర్ణయించారు, తర్వాత అది రాజీతో ముగిసింది. దొంగసొత్తు ఎక్కడుందో కనిపెట్టే హక్కు యజమానికి ఉంది. దాన్ని తెలియక కొన్న మనిషి జీవితంలోకి తొంగి చూసే హక్కు మాత్రం యజమానికీ లేదు, అతని తరఫున వెతికేవారికీ లేదు.

మామూలు మనిషికి దక్కే తాళాల్లో ఇప్పుడు గట్టిదంటే ఆపిల్ ‘యాక్టివేషన్ లాక్’. ఐఫోన్లకు అది 2013 సెప్టెంబరులో ఐఓఎస్ 7తో వచ్చింది. ల్యాప్‌టాప్‌ల వంతు 2019 అక్టోబరులో, మ్యాక్‌ఓఎస్ క్యాటలీనాతో వచ్చింది, అదీ టీ2 అనే భద్రతా చిప్పు ఉన్నవాటికే. 2020 నవంబరు నుంచి వస్తున్న ఎం1, ఆ తర్వాతి చిప్పుల మ్యాక్‌లన్నింటికీ ఉంది. ‘ఫైండ్ మై’ ఆన్ చేసి ఉంటే ఈ తాళం ముందే పడి ఉంటుంది. దొంగ డిస్కు తుడిచేసినా, కొత్తగా మొదలుపెట్టేటప్పుడు యంత్రం ఆపిల్ సర్వర్‌ను అనుమతి అడగాలి. పాత యజమాని ఖాతా పాస్‌వర్డ్ ఇస్తేనే సర్వర్ సరేనంటుంది. మన లాక్ ఆదేశం యంత్రానికి చేరిందా లేదా అన్న ప్రశ్నే ఇక్కడ రాదు. ఆదేశం కోసం ఎదురుచూసే తాళానికీ, అనుమతి లేనిదే తెరుచుకోని తాళానికీ ఉన్న తేడా ఇదే. దూరం నుంచి వేసే తాళం మళ్లీ వాడకాన్ని ఆపుతుందా అని అడిగేవారు ముందు తమది ఏ రకమో చూసుకోవాలి.

పార్టులుగా పోయే సొత్తు

గట్టి తాళం ఉంటే దొంగతనాలే తగ్గుతాయా? ఫోన్ల విషయంలో కొంత జవాబు ఉంది. ఐఫోన్లకు యాక్టివేషన్ లాక్ వచ్చిన ఏడాదిలో వాటి దొంగతనాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో 40 శాతం, న్యూయార్క్‌లో 25 శాతం తగ్గాయని 2015లో అక్కడి అధికారులు ప్రకటించారు. లండన్‌లో స్మార్ట్‌ఫోన్ల దొంగతనాలు సగానికి పడిపోయాయన్నారు. అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో ఇలాంటి తాళం ఉండాలని కాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది, 2015 జులై నుంచి అది అమల్లోకి వచ్చింది. ల్యాప్‌టాప్‌లను మాత్రం ఆ చట్టంలో చేర్చలేదు.

ఆ తగ్గుదల శాశ్వతం కాలేదు. లండన్ వీధుల్లో ఫోన్లు లాక్కుపోవడం ఈ దశకంలో మళ్లీ పెరిగింది. తాళం పడిన ఫోన్లు కూడా చైనాలోని షెంజెన్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్ల దాకా చేరుతున్నాయి. ఫోన్‌గా పనికిరాకపోయినా తెర, కెమెరా, బ్యాటరీ, చిప్పులు విడివిడిగా ధర పలుకుతాయి. ఇది చూసే ఆపిల్ 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్ విడిభాగాలకూ తాళాన్ని విస్తరించింది. ల్యాప్‌టాప్ విషయంలో ఈ లెక్క దొంగకు ఇంకా అనుకూలం. డిస్‌ప్లే, కీబోర్డు, బ్యాటరీ, చాలా విండోస్ మోడళ్లలో ర్యామ్, ఎస్ఎస్‌డీ సులువుగా ఊడివస్తాయి. బోర్డుకు ఎంత తాళం పడినా తెరకు పడదు. దొంగకు వచ్చే డబ్బు తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా యాక్టివేషన్ లాక్ ఉందా లేదా అని చూసి దొంగతనం చేసేవాడుంటాడా? తీసుకుపోయాకే కదా తెలిసేది. ల్యాప్‌టాప్ దొరక్కపోతే మన నష్టం మనకు ఉన్నట్టే.

లోపలున్నది ఎవరి పాలు?

2006 మే 3న అమెరికాలోని మేరీల్యాండ్‌లో మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఇంట్లో దొంగలు పడి ఒక ల్యాప్‌టాప్‌ను, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును ఎత్తుకుపోయారు. అందులో సుమారు 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి, ఎన్‌క్రిప్షన్ లేకుండా. జూన్ చివరికి యంత్రం దొరికింది. సమాచారాన్ని ఎవరూ తెరిచిన జాడ లేదని ఎఫ్‌బీఐ తేల్చింది. అయినా ప్రభుత్వం 2009లో 2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. యంత్రం తిరిగొచ్చినా ఆలోపు మాజీ సైనికులు పడిన భయాన్ని ఎవరూ తుడిచేయలేరు. అదే 2009లో ఇంటెల్ డబ్బుతో పోనెమన్ సంస్థ ఒక లెక్క వేసింది. కంపెనీకి ఒక ల్యాప్‌టాప్ పోతే సగటు నష్టం 49,246 డాలర్లనీ, అందులో 80 శాతం సమాచారం బయటపడటం వల్లేననీ చెప్పింది. అప్పటికి ఇంటెల్ తన తాళాన్ని అమ్ముకుంటోంది కాబట్టి మొత్తాన్ని కొంచెం తగ్గించే చూద్దాం. నష్టంలో పెద్ద వాటా యంత్రానిది కాదన్న మాట మాత్రం నిలుస్తుంది.

లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఎన్‌క్రిప్షన్ లేని ల్యాప్‌టాప్‌లోంచి ఎస్ఎస్‌డీ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్‌ను అడిగేవారే ఉండరు, ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. రిమోట్ లాక్ పడినా ఇంతే. ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్కులోనైతే తాళంచెవి లేనిదే కనిపించేది అర్థంలేని అక్షరాల కుప్ప. టీ2, ఎం శ్రేణి చిప్పుల మ్యాక్‌లలో డిస్కు ఎప్పుడూ ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది, ఫైల్‌వాల్ట్ ఆన్ చేస్తే దానికి మన పాస్‌వర్డ్ కూడా తోడవుతుంది. విండోస్‌లో బిట్‌లాకర్ విస్టా కాలం నుంచీ ఉన్నా ఏళ్ల తరబడి ఖరీదైన ఎడిషన్లకే పరిమితమైంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2తో, కొత్తగా ఎక్కించిన యంత్రంలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ దానంతటదే ఆన్ అవుతోంది. పాతవాటిలో మనమే సెట్టింగ్స్‌కు వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూసుకోవాలి. దాని 48 అంకెల రికవరీ కీ ఎక్కడ భద్రపడిందో కూడా చూసుకోవాలి. లేకపోతే ఏదో ఒక రిపేరు రోజున మన ఫైళ్లే మనకు దక్కవు.

ఎన్‌క్రిప్షన్ కూడా అన్ని వేళలా అభేద్యం కాదు. పాస్‌వర్డ్ లేకుండా టీపీఎం అనే భద్రతా చిప్పు మీదే ఆధారపడిన బిట్‌లాకర్‌ను, ఒక పాత లెనోవో ల్యాప్‌టాప్‌లో, 10 డాలర్ల లోపు ఖర్చుతో చేసిన పరికరంతో 43 సెకన్లలో ఛేదించి 2024 ఫిబ్రవరిలో ఒక భద్రతా పరిశోధకుడు చూపించాడు. చిప్పు నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలోనే తాళంచెవిని పట్టుకున్నాడు. స్లీప్‌లో ఉన్న యంత్రం మెమరీలో తాళంచెవి మిగిలి ఉంటుందని, ఆ మెమరీని చల్లబరిచి దాన్ని లాగవచ్చని ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2008లోనే నిరూపించారు. హాస్టల్ దొంగ ఇవి చేయడు. కాని ఆసుపత్రి రికార్డులో, బ్యాంకు ఖాతాదారుల వివరాలో మోసుకు తిరిగే ఉద్యోగి ప్రయాణంలో మూత మూయడంతో సరిపెట్టకుండా షట్‌డౌన్ చేయడం మంచిది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో, భద్రతా ఏర్పాట్లలో విఫలమైన సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేసే నిబంధన ఉంది.

తాళం ఎదురు తిరిగితే

దూరం నుంచి తాళం వేసే శక్తి మన ఖాతా పాస్‌వర్డ్‌లో ఉంది. అది ఎవరి చేతిలో పడితే ఆ శక్తి వారిది. 2012 ఆగస్టులో ‘వైర్డ్’ పత్రిక రచయిత మ్యాట్ హోనన్ ఖాతాను హ్యాకర్లు ఆపిల్ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి మాయమాటలతో చేజిక్కించుకున్నారు. ‘ఫైండ్ మై’ ద్వారానే అతని ఫోన్, ట్యాబ్లెట్, మ్యాక్‌బుక్ మూడింటినీ తుడిచేశారు. అతని యంత్రాలు దొంగతనానికి గురికాలేదు, అతని దగ్గరే ఉన్నాయి. బ్యాకప్ లేదు, చిన్నారి కూతురి ఫొటోలు అందులోనే ఉన్నాయి. 2017లో బయటికి పొక్కిన పాస్‌వర్డ్‌లతో కొందరి మ్యాక్‌లకు దూరం నుంచి తాళాలు వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లు ఇమ్మన్నారు. అందుకే ఈ ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి.

ఇంకో ఉచ్చు దొంగతనం తర్వాత వస్తుంది. యాక్టివేషన్ లాక్‌ను తీయలేని దొంగకు మిగిలిన దారి యజమానిని మోసగించడమే. ‘మీ పరికరం దొరికింది, ఎక్కడుందో చూడటానికి లాగిన్ అవ్వండి’ అంటూ అసలు కంపెనీ పంపినట్టే సందేశం వస్తుంది. ఆశగా ఉన్న మనిషి ఆ లింకులో పాస్‌వర్డ్ కొడతాడు. దాంతో తాళం తెరుచుకుంటుంది. ‘అకౌంట్ నుంచి తీసేయండి, ఇచ్చేస్తాం’ అని బతిమాలేవారూ, బెదిరించేవారూ ఉంటారు. పరికరాన్ని ఖాతాలోంచి తొలగిస్తే యాక్టివేషన్ లాక్ కూడా పోతుంది. ఎంత కోపంలో ఉన్నా, ఎంత నిరాశలో ఉన్నా ఆ పని చేయకూడదు.

ల్యాప్‌టాప్ పోయిన తొలి గంటలో లాక్ మీట నొక్కడంలో తప్పు లేదు, నొక్కాలి కూడా. దానికంటే ముందు చేయాల్సిన పని వేరే ఫోన్ నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ కొట్టడం. బ్రౌజర్ తెరిచే ఉంటే దొంగకు పాస్‌వర్డ్‌తో పనిలేదు, మెయిల్ నేరుగా తెరుచుకుంటుంది, మెయిల్ ద్వారా బ్యాంకు దాకా దారి దొరుకుతుంది. ఆఫీసు యంత్రమైతే మేనేజర్ ఏమంటాడోనని ఒక పూట ఆగడం చాలా ప్రమాదం. కంపెనీ ఐటీ విభాగం తన దగ్గరున్న తాళాలన్నీ వేయాల్సిన సమయం అదే. కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం ఏ స్టేషన్ పరిధి అన్నది చూడకుండా పోలీసులు జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇచ్చి మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయవచ్చు. రైల్లో పోతే 139కు చెప్పాలి.

కొనేవాడి కష్టం

గట్టి తాళానికి బలయ్యేది ఒక్కోసారి నిజాయితీపరులే. ఆఫీసులు వేలంలో అమ్మేసిన మ్యాక్‌లు పాత ఖాతాల తాళంతోనే రిఫర్బిష్ వ్యాపారుల చేతికి వస్తున్నాయి. పనిచేసే బోర్డులున్న యంత్రాలను తుక్కు కింద పగలగొట్టాల్సి వస్తోందని అమెరికాలో ఆ వ్యాపారులు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. ఇది దొంగల మీద కోపంతో చూసీ చూడనట్టు వదిలేయాల్సిన సంగతి కాదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వాడిన ల్యాప్‌టాప్ కొనుక్కుని చదువుకున్న ఇంజినీరింగ్ విద్యార్థులు మన దగ్గర లెక్కలేనంతమంది. యంత్రాన్ని వదులుకునే సంస్థ దాన్ని తన ఖాతాలోంచి, ఆటోపైలట్ జాబితాలోంచి తీసేసి మరీ అమ్మాలి. అది మర్యాదగా వదిలేయకుండా నిబంధనగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కొనేవారు ఆన్ అవుతోందా, బ్యాటరీ ఎంత నిలుస్తోంది అన్నది మాత్రమే చూడకూడదు. అమ్మేవారి ముందే పూర్తిగా రీసెట్ చేయించి, తమ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, మొదటి సెటప్ తెర దాకా వెళ్లాలి. అక్కడ ఎవరి ఖాతా పాస్‌వర్డో అడిగినా, ఏ కంపెనీ పేరో కనిపించినా ధర ఎంత తక్కువైనా అక్కడే వదిలేయడం మేలు. బయోస్‌లో అబ్సల్యూట్ అన్న వరసలో యాక్టివేట్ అయినట్టుంటే కారణం అడగాలి. దొంగసొత్తని తెలిసీ, లేదా నమ్మడానికి కారణం ఉండీ కంప్యూటర్‌ను తీసుకుంటే ఐటీ చట్టం 66బి కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఫోన్ల విషయంలో మన దేశం ఒక మంచి పని చేసింది. 2023 నుంచి దేశమంతా అమల్లో ఉన్న సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పోయిన ఫోన్ ఐఎంఈఐ నంబరు నమోదు చేస్తే అది దేశంలోని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. తెలంగాణ పోలీసులు దాన్ని పట్టుదలగా వాడి వేల ఫోన్లను యజమానులకు అప్పగించారు. పాత ఫోన్ కొనేవారు ఐఎంఈఐ నంబరును 14422కు ఎస్సెమ్మెస్ చేసి అది బ్లాక్ అయిందో లేదో చూసుకోవచ్చు. సిమ్ లేని ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు కాబట్టి దాన్ని నెట్‌వర్క్ నుంచి వెలివేసే వీలు లేదు. కాని ప్రతి ల్యాప్‌టాప్‌కూ సీరియల్ నంబరు ఉంది. పోయినవాటి సీరియల్ నంబర్లను పోలీసులు ఒకచోట నమోదు చేసి, కొనేవారికీ రిపేరు షాపులకూ చూసుకునే వీలు కల్పించడానికి కొత్త చిప్పులు కనిపెట్టనక్కర్లేదు. షాపు బల్ల మీదికి వచ్చిన యంత్రం నంబరు కొట్టి చూడటం నిమిషం పని. ఆ జాబితా ఎప్పుడొచ్చినా దాంట్లో రాయించడానికి మన దగ్గర నంబరు ఉండాలి. అది ఎక్కువ ల్యాప్‌టాప్‌ల అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, ల్యాప్‌టాప్‌తో పాటు స్టిక్కరూ పోతుంది. బిల్లునూ ఆ స్టిక్కర్‌నూ ఇవాళే ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లో కాకుండా ఇంకెక్కడైనా దాచుకోండి. యాక్టివేషన్ లాక్ పడిన మ్యాక్ తిరిగి దొరికి, ఖాతా పాస్‌వర్డ్ గుర్తుకు రాకపోయినా ఆపిల్ అడిగేది ఆ బిల్లునే.